వస్తున్నా అని వెళ్ళినవాళ్ళు

ముప్పై ఏడు. చేతిలోని అట్టముక్క మీద నీలం సిరాతో రాసిన అంకె చెమటకి అలుక్కుపోయి ఏడు ఒకటిలా కనపడుతోంది, నిజంగా ముప్పై ఒకటి అయినా బాగుండేది, ఇప్పుడు పిలుస్తున్నది ఇరవై తొమ్మిది కాబట్టి ఇంకో పది నిమిషాల్లో ఈ బల్ల మీంచి లేవొచ్చు, కానీ లేచి ఏం చేస్తాను, లోపలికి వెళ్ళాల్సింది నేను కాదు, యావ్. వంతు యావ్‌ది, వంతులో కూర్చున్నది యావ్ పెళ్ళాం. పొద్దున్నే ఐదున్నరకి వచ్చి అందరూ చేసినట్టే బల్ల మీద నీళ్ళసీసా పెట్టి చోటు పట్టుకున్నాను, ఏడింటికి రికార్డుల కిటికీ తెరిచాక పేరు చెప్పి ఈ అట్టముక్క తీసుకున్నాను, బీమా కార్డు అడిగితే అది ఆయన జేబులో ఉంది, దారిలో ఉన్నారు అన్నాను, కిటికీ లోపలివాడు నా మొహం ఒకసారి చూసి సరే అమ్మా అని రాసుకున్నాడు, ఇప్పుడు ఎనిమిదీ పది. ఆరున్నరకి బయల్దేరుతున్నా అన్నాడు యావ్. ఏడుంబావుకి వస్తున్నా అన్నాడు. ఏడూ నలభైకి వస్తున్నా యా, వస్తున్నా అని నా పేరు పెట్టి మరీ అన్నాడు, రెండుసార్లు అంటే రెండింతలు దూరంలో ఉన్నాడని, ఇరవై రెండేళ్ళ కాపురంలో నేను నేర్చుకున్న లెక్క అది.

మా ఊళ్ళో ఎవరూ వెళ్తున్నా అనరు. గుమ్మం దిగుతూ, చెప్పుల్లో కాలు పెడుతూ, వీపు ఇటు తిప్పి వస్తున్నా అంటారు. పోయేటప్పుడూ అదే మాట, చేరేటప్పుడూ అదే మాట, మధ్యలో మనిషి ఎటు తిరిగి ఉన్నాడో ఫోనులో కనపడదు. నా పక్కన ముసలావిడ, కోకో తోటల మనిషి, అరచేతులు కాయలు కాసి నల్లగా మెరుస్తున్నాయి, ఇందాకట్నుంచీ నన్నే చూస్తోంది. "ఆ ఫోను అన్నిసార్లు తడుముతావేం తల్లీ, అదేమన్నా పొదిగే గుడ్డా?" అంది. మావారి కోసం అన్నాను. "ఏమంటాడు?" వస్తున్నా అంటున్నాడు. ఆవిడ ఉన్న మూడు పళ్ళూ కనపడేలా నవ్వి, "పోయే వస్తున్నానా, వచ్చే వస్తున్నానా? అడగలేదా?" అంది, ముందు బల్లవాళ్ళు కూడా వెనక్కి తిరిగి నవ్వారు, నేను నవ్వలేదు. పై పంకా తిరుగుతోంది గాని గాలి దాని దగ్గరే ఉండిపోతోంది. ఎవరో గంజీ అలసంద వడలూ తింటున్నారు, నూనె వాసన, డెట్టాల్ వాసన, ఎవరిదో పసిపిల్ల ఏడుపు, నా కుడిచెవి వెనక నరం ఒకటి ఆ ఏడుపుతో పాటే కొట్టుకుంటోంది, ఈ తలనొప్పి కూడా యావ్ ఇచ్చిందే, ఆదివారం నుంచి నిద్ర ఎక్కడ పట్టింది.

ఇంతకీ ఆయనగారు ఎక్కడున్నాడంటే పోస్టర్లు అచ్చేసేవాడి దగ్గర. అది తలుచుకుంటే ఒళ్ళు మండుతుంది. బ్రెంపాంగ్ పోయి మూడు వారాలైంది, యావ్‌తో పాటు ఇరవై ఏళ్ళు భూములు కొలిచిన సర్వేయరు, యాభై రెండేళ్ళు, కొత్త కాలనీ రోడ్డుకి హద్దు రాళ్ళు పాతిస్తూ ఎండలో నిలబడ్డవాడు నిలబడ్డట్టే కూలిపోయాడు. ఎల్లుండి శనివారం అంత్యక్రియలు. ఆఫీసు తరఫు కమిటీకి పెద్ద మా యావే, కాకపోతే ఆశ్చర్యం. గుడారాలు ఎవరివి, గుడ్డ నలుపా ఎరుపా, బాకాలవాళ్ళు కుమాసి పట్నం నుంచా ఇక్కడివాళ్ళా, పోస్టరు మీద ఏ ఫోటో, మూడు వారాలుగా మా ఇంట్లో ఇదే మాట. ఎనభై దాటి పోయినవాళ్ళకి 'నిండు జీవితం' అని వేస్తారు పోస్టరు మీద, తెల్ల గుడ్డలు కట్టుకుని డాన్సులు చేస్తారు. అరవై లోపువాళ్ళకి ఎర్ర అక్షరాలతో 'ఎంత ఘోరం!' మా వీధి చివర గోడ నిండా అవే. ఎంత ఘోరం, ఎంత ఘోరం, ఎంత ఘోరం, ఒకదాని మీద ఒకటి అంటించి, వానకి పైది చిరిగితే కింది ఘోరం కనపడుతుంది. ఏమిటి ఘోరం? ఎవరికి తెలీదని? బ్రెంపాంగ్ రెండేళ్ళుగా మధ్యాహ్నాలు కళ్ళు మూసుకుని కారు సీటు వెనక్కి వాల్చి పడుకునేవాడు, తల పగిలిపోతోంది అదుసెయ్, ఆ రాళ్ళ చప్పుడుకి అని మావారితో అనేవాడు, ఎప్పుడూ ఇంటిపేరుతోనే పిలిచేవాడు, రాళ్ళదేముంది, రాళ్ళు ఎక్కడ చప్పుడు చేస్తాయి. ఒక్కసారి చూపించుకోవయ్యా అంటే, ఖాళీ ఏదీ, ఈ రోడ్డు పని అవనీ. రోడ్డు పని అవ్వలేదు. ఆయన స్థానంలో ఇంకో మనిషి మూడో రోజుకే వచ్చి అవే రాళ్ళ దగ్గర నిలబడ్డాడు, అదే గొడుగు. అది మాత్రం పోస్టరు మీద వేయరు.

ముప్పై. ముప్పై ఎవరు, ముప్పై! ఒకతను చంటిదాన్ని భుజాన వేసుకుని పరిగెత్తాడు. నర్సు కొత్తమ్మాయి, మెడలో పేరు బిళ్ళ, డెలాలి, సన్నగా వెదురులా ఉంది, గొంతు మాత్రం మా స్కూలు గంటలా ఉంది.

ఆదివారం. చర్చిలో కానుకల వేళ పాట అందుకున్నారు, వరసలు వరసలుగా లేచి చేతిరుమాళ్ళు ఊపుతూ పెట్టె దగ్గరికి నాట్యం చేస్తూ వెళ్తున్నారు, గురువారం పుట్టినవాళ్ళని పిలిచారు, యావ్ ముందు, నేను వెనక, పెళ్ళినాటి నుంచీ మమ్మల్ని గురువారం జంట అని ఏడిపిస్తారు, గురువారం పుట్టిన మగవాడు యావ్, ఆడది యా, ఒకే రోజు రెండు ముక్కలైంది అని మా మామగారు అనేవాడు. యావ్ నాట్యం చూడటానికే కొందరు వస్తారు చర్చికి, అంత పెద్ద మనిషి పిల్లిలా అడుగేస్తాడు. ఎడమచేత్తో రుమాలు ఎత్తాడు, ఎత్తబోయాడు, చెయ్యి భుజం దాకా వచ్చి ఆగింది, వేళ్ళు తెరుచుకున్నాయి, తెల్ల రుమాలు కింద పడింది. వెనకవాళ్ళు అది కొత్త అడుగనుకుని చప్పట్లు కొట్టారు. యావ్ కూడా నవ్వాడు, వంగి కుడిచేత్తో తీసుకున్నాడు. నేను చూశాను. వంగేముందు ఒక క్షణం ఆ ఎడమచేతి వంక చూశాడు, ఎవరిదో చెయ్యి తన భుజానికి తగిలించి ఉన్నట్టు. ఇంటికొచ్చాక అడిగితే తిమ్మిరెక్కింది అన్నాడు, రాత్రి ఆ చెయ్యి కింద పెట్టుకుని పడుకున్నా అన్నాడు, ఫుఫు ఇంకో ముద్ద వెయ్యి, ఆ ఉప్పుచేప తగలకపోతే పులుసు పులుసులా లేదు అన్నాడు. వేశాను. నేనే వేశాను, ఉప్పుచేప కూడా. మంగళవారం దాకా పోట్లాడాను. నిన్న బుధవారం, రేపు నేనే వంతు పట్టుకుంటా, నువ్వు ఒక్క గంట వచ్చి కూర్చో చాలు అంటే సరే అన్నాడు. ఒక్క గంట. బ్రెంపాంగ్ ఫోటో కోసం మూడు పొద్దులు తిరిగాడు.

ఫోను. "యా, వింటున్నావా, ఇక్కడ ఫోటో తేలట్లేదు."

"యావ్, ముప్పై ఒకటి నడుస్తోంది."

"బ్రెంపాంగ్ పెళ్ళాం సూటు ఫోటో వెయ్యమంటోంది, వాడి అక్క మన పద్ధతిలో గుడ్డ చుట్టుకున్న ఫోటో అంటోంది. ఇద్దరూ ఇక్కడే కొట్టుకునేలా ఉన్నారు. నేను లేకపోతే..."

"నువ్వు లేకపోతే కొట్టుకోనీ."

"అట్లా అంటావేం? చచ్చినవాడి విషయం."

"బతికున్నవాడి విషయం ఎవరు చూస్తారు?"

వెనకాల అచ్చుయంత్రం గడగడ. తర్వాత, "వస్తున్నా," అన్నాడు.

"ఏ వస్తున్నా?" అందామనుకున్నాను, పెట్టేశాడు.

చనిపోయినవాళ్ళకి మాకెప్పుడూ ఖాళీయే. శనివారం వస్తే నల్లగుడ్డ కట్టుకోని ఇల్లు ఈ వీధిలో ఉండదు, నా బీరువాలో బడికి కట్టుకునే బట్టల కంటే చావులకి కట్టుకునేవే ఎక్కువ, ఎవరి మేనత్త పోయినా స్కూల్లో సెలవు అడగక్కర్లేదు, పేరు చెబితే చాలు, అయ్యో వెళ్ళండి అంటారు. నిన్న మా ప్రధానోపాధ్యాయురాలు మిసెస్ టాకీ దగ్గరికి వెళ్ళి, రేపు పొద్దున ఆసుపత్రికి వెళ్ళాలి అంటే కళ్ళజోడు మీంచి చూసింది. "ఎవరన్నా పోయారా?" లేదు మేడమ్, పరీక్ష చేయించడానికి. "ఒంట్లో బాలేదా?" బానే ఉంది, బాగుందో లేదో చూపించుకోవడానికి. ఆవిడకి అర్థం కాలేదు. "మూడో ఫారం పిల్లల మాదిరి పరీక్షలు పెట్టుకుని, సహాయ ప్రధానోపాధ్యాయురాలివి నువ్వే ఇట్లా అంటే! పదింటికల్లా వచ్చెయ్." వస్తాను మేడమ్ అన్నాను. చచ్చిపోతే మాత్రం వెంటనే దొరికే సెలవు, చావకుండా ఉండటానికి దొరకదు. ఇప్పుడు ఫోనులో ఆవిడవి నాలుగు సందేశాలు, ప్రశ్నపత్రాల బీరువా తాళం ఎక్కడ, నీ బల్ల సొరుగులోనా, లేదే, ఎక్కడున్నావు. తాళం నా సంచీలోనే ఉంది. ఆ సంగతి ఇప్పుడే గుర్తొచ్చింది, అది నొక్కుకుని తొడ మీద అచ్చు పడింది. పరిగెత్తాలా? ఇప్పుడు లేస్తే తొమ్మిదికల్లా స్కూల్లో ఉంటాను, వంతు పోతే పోనీ, ఎవడి కోసం ఈ వంతు, ఆయనకి లేని తీట నాకేం. చెప్పులు బిగుసుకుపోయాయి, ఈమధ్య సాయంత్రానికి పాదాల మీద పట్టీల గాట్లు పడుతున్నాయి, మార్కెట్లో కొన్న చెప్పులు, నాసిరకం, కళ్ళజోడు కూడా రెండుసార్లు మార్చినా ఆ కొట్టువాడు సరైన అద్దాలు ఇచ్చి చావలేదు, అక్షరాలు ఈదుతాయి. ఎవరి పని వాళ్ళు సరిగ్గా చేస్తే ఈ దేశంలో నాకు తలనొప్పే ఉండదు. నాకు మాత్రం ఏమీ లేదు, దేవుడి దయ. నేను ఈ మిషన్ ఆసుపత్రికి నా ఒంటి కోసం వచ్చింది ఒకేఒక్కసారి, ఆరేళ్ళ కిందట, ఈ పదవి ఇచ్చేముందు ఆరోగ్యపత్రం కావాలన్నారు, ఆరోజు పిల్లల పరుగుపందేల బస్సు గేటు బయట ఆగి హారన్ కొడుతోంది, గబగబా వచ్చి గబగబా వెళ్ళాను, పత్రం వారం తర్వాత స్కూలు డ్రైవరు తెచ్చిచ్చాడు, ఎవరు సంతకం పెట్టారో చూడలేదు, 'పనికి తగిన ఆరోగ్యము కలదు' అని ఉంది, చట్రం కట్టించి పెట్టుకోవలసిన మాట. పత్రం ఉంది కదా. కలదు అంటే కలదు.

"ఒళ్ళు బాగా చేశావు తల్లీ," ముసలావిడ నా భుజం నొక్కి చూసింది, మార్కెట్లో అరటిగెల నొక్కినట్టు. "మొగుడు బాగా చూసుకుంటున్నాడు." అందరూ అదే అంటారు. సన్నబడితే ఏమైంది, ఇంట్లో గొడవలా అంటారు. యావ్ బొజ్జ పెరిగిన ఏడాది చర్చిలో ఆయన్ని పెద్దల కమిటీలోకి తీసుకున్నారు. బ్రెంపాంగ్ శవపేటికకి ఎనిమిది మంది కావాలట మొయ్యడానికి, ఎంత బాగా బతికాడో అని ఆఫీసువాళ్ళు గర్వంగా చెప్పుకున్నారు.

"నీకేం జబ్బు అవ్వా?" అడిగాను, ఏదో ఒకటి అడగాలని.

"నాకా? ఏం లేదు."

"మరి ఎందుకొచ్చావు?"

"ఏమీ లేదని చెప్పించుకోవడానికి. మూడు నెల్లకోసారి వస్తా. పదిహేనేళ్ళయింది. చదువుకున్నదానివి, నీకు తెలీదా?" అంది, తెలీకపోవడం చదువు తప్పన్నట్టు. "తోటలో చెట్టుకి నల్లకాయ తెగులు పట్టేదాకా ఆగితే కోత ఉండదే. పచ్చగా ఉన్నప్పుడే కొమ్మ ఎత్తి చూసుకోవాలి."

ముప్పై నాలుగు. ముప్పై నాలుగు పలకలేదు. ముప్పై ఐదు ఎవరో కాదు, ముసలావిడే, లేచి గుడ్డ సర్దుకుని, నీళ్ళసీసా నాకిచ్చి చూస్తూ ఉండు అని వెళ్ళింది. నేను మళ్ళీ ఫోను చేశాను, మోగింది, మోగింది, మోగి ఆగిపోయింది. ఆ మోగే కాసేపట్లో నాకు ఒక పోస్టరు కనపడింది, యావ్ నీలం చొక్కా ఫోటో, పెళ్ళిరోజున తీసింది, పైన ఎర్ర అక్షరాలు. వాళ్ళక్క వేరే ఫోటో అంటుంది, నేను ఇదే అంటాను, అచ్చేసేవాడి దగ్గర నిలబడి కొట్టుకుంటాం, ఎవరో మగమనిషి తన పనులన్నీ మానుకుని, తన ఆసుపత్రి వంతు మానుకుని, మధ్యలో నిలబడి సర్దిచెబుతాడు. ఎంత ఘోరం అని వెయ్యనివ్వను. ఏం వేయిస్తానంటే, 'చెప్పాను' అని వేయిస్తాను. అంత పెద్ద అక్షరాలతో. కోపంతో కళ్ళ వెంట నీళ్ళొచ్చాయి, చెవి వెనక నరం డప్పులా మోగింది.

"ముప్పై ఏడు!"

లేచాను. వదిలెయ్యాల్సింది, ఆయన రాలేదమ్మా అని అట్టముక్క బల్ల మీద పెట్టి స్కూలుకి పోవాల్సింది, తాళం, పదింటికల్లా, కానీ ఐదున్నర నుంచి పట్టుకున్న చోటు ఊరికే పారెయ్యడానికి కాళ్ళు ఒప్పుకోలేదు. గది తలుపు దగ్గరికి వెళ్ళాను. "సిస్టర్, ఒక్క ఐదు నిమిషాలు, మావారు దారిలో..."

డెలాలి ఫైలు తెరిచి ఉంది. "యా అదుసెయ్?"

"యావ్. యావ్ అదుసెయ్."

"ఇక్కడ యా అని ఉంది. ఆడమనిషి, నలభై ఏడేళ్ళు. మీరు కాదా?"

కిటికీ లోపలివాడు నా మొహం చూసి రాసుకున్న సంగతి అప్పుడు తెలిసింది. యావ్ అని నేను చెబితే, ఎదురుగా ఆడమనిషి నిలబడి ఉంటే, ఆ గోలలో వాడికి యా అనే వినపడింది, వాడు వెళ్ళి గురువారపు ఆడదాని ఫైలు తీశాడు. "నేనే, కానీ వచ్చింది నా కోసం కాదు, తప్పుగా..."

"ఫైలు మీది, మనిషి మీరు, తప్పేముంది? కూర్చోండి." ఆమె ఫైలులో ఉన్న ఒకేఒక్క కాగితం తిప్పింది. పసుపు రంగుకి తిరిగిన కాగితం, మూల చెద తిన్నది. చదువుతూ చదువుతూ పెదవి కొరుక్కుంది, నవ్వు ఆపుకుంటోందో ఏమో. "ఆరేళ్ళ కిందటిది. రక్తపోటు పైన నూట అరవై, కింద నూట నాలుగు. పది నిమిషాలు కూర్చోబెట్టి మళ్ళీ చూడాలి అని రాశారు." వేలు కిందికి జరిపింది. "దాని కింద ఇట్లా ఉంది మేడమ్. 'రోగి వస్తున్నా అని బయటికి వెళ్ళింది. రాలేదు.'"

బస్సు హారన్. గేటు బయట ఎండలో ఆకుపచ్చ బస్సు, కిటికీల్లోంచి చేతులూపుతున్న పిల్లలు, మేడమ్ త్వరగా, నేను గుమ్మం దాటుతూ వెనక్కి చూడకుండానే చెయ్యెత్తి అన్న మాట. ఆ మాట నా గొంతులోనే వినపడింది. ఆ రోజు మాకు రెండో బహుమతి వచ్చింది.

"ఇప్పటికైనా వచ్చారు," అంది డెలాలి, నొప్పించాలని కాదు, మామూలుగానే. కుడిచేతికి పట్టీ చుట్టింది, గాలి కొట్టింది, చెయ్యి బిగిసింది, చెవి వెనక నరం ఇప్పుడు మోచేతి దగ్గర కొట్టుకుంటోంది, ఒకటే నరం అన్నమాట. ఆమె అంకెలు చూసింది. ఆ మొహంలోంచి అంతకుముందున్న చిన్న నవ్వు పోయింది. "తలనొప్పి వస్తుందా?" లేదు అనబోయి, ఆదివారం నుంచి అనబోయి, "కొన్నేళ్ళుగా" అన్నాను. "పాదాలు చూపించండి." చెప్పు తీసింది తనే. పట్టీల గాటు అలాగే ఉండిపోయింది, వేలితో నొక్కితే గుంట పడింది, గుంట అలాగే ఉంది. చెప్పులు నాసిరకం అని చెప్పలేదు. "కదలకండి, మాట్లాడకండి. ఐదు నిమిషాలాగి మళ్ళీ చూస్తాను. ఈసారి లేస్తే ఊరుకోను."

"వచ్చేశా, వచ్చేశా!" యావ్. చెమటతో చొక్కా అంటుకుపోయి, చంకలో చుట్టచుట్టిన పోస్టరు పట్టుకుని. "అయిపోయిందా నా వంతు? నువ్వేంటి అక్కడ కూర్చున్నావు?" చంకలోంచి పోస్టరు ఎడమచేతికి మార్చుకోబోయాడు. వేళ్ళు పట్టుకోలేదు. చుట్ట జారి నేల మీద పడి సగం విప్పుకుంది, ఎర్ర అక్షరాలు సగం, కింద బ్రెంపాంగ్ నుదురు. సూటు ఫోటోనే. యావ్ నవ్వాడు, చర్చిలో నవ్విన నవ్వే. డెలాలి నవ్వలేదు. ఆ చేతి వంకే చూస్తోంది. "అయ్యా, ఆ చెయ్యి పైకెత్తండి," అంది. ఎత్తాడు, భుజం దాకా. "మీరు కూడా కూర్చోండి. ఇక్కడే, ఈమె పక్కన. డాక్టరుగారిని పిలుస్తాను," అని గుమ్మం లోంచి ఆ గంట గొంతుతో ఎవరినో కేకేసింది.

యావ్ కూర్చోలేదు. నా చేతి పట్టీ చూశాడు, నా మొహం చూశాడు, మళ్ళీ పట్టీ చూశాడు. "నీకెందుకది?" అన్నాడు చిన్నగా. చెప్పడానికి మాట్లాడకూడదుగా. అతనికి భయం వేసినప్పుడు ఏం చేస్తాడో నాకు తెలుసు, ఏదో ఒక పని గుర్తు తెచ్చుకుంటాడు. గుర్తొచ్చింది. "బయట టాక్సీ ఆపి వచ్చా, వాడు వెయిట్ చేస్తున్నాడు, వాడికి చెప్పి వస్తున్నా..." అని వీపు ఇటు తిప్పాడు.

ఎడమచేత్తో చొక్కా పట్టుకున్నాను. వెనక తోకలా వేలాడే అంచు, పిడికిలి నిండా. "ఏ వస్తున్నా?" అన్నాను.

యావ్ ఆగాడు. చాలాసేపు వీపే కనపడింది. తర్వాత మెల్లగా నా పక్కన కూర్చున్నాడు, కూర్చున్నా నేను వదల్లేదు. అతని ఎడమచెయ్యి ఒళ్ళో పడి ఉంది, అతను దాన్ని కుడిచేత్తో పట్టుకున్నాడు, ఎవరి పిల్లనో ఎత్తుకున్నట్టు. గుమ్మం బయట ముసలావిడ తన నీళ్ళసీసా కోసం తొంగిచూసి, ఇద్దర్నీ చూసి, సీసా అడక్కుండా నిలబడిపోయింది.

సంచీలో ఫోను మోగింది. మిసెస్ టాకీ, తాళం, పదింటికల్లా. మోగుతూనే ఉంది. ఒక చెయ్యి పట్టీలో ఉంది, రెండోది యావ్ చొక్కా పట్టుకుని ఉంది. జీవితంలో మొదటిసారి ఒక మాట ఆవిడతో నిజంగా అనగలిగేదాన్ని, ఫోను ఎత్తగలిగితే అనేదాన్నే. నాకు ఖాళీ లేదు.